చేదు నారింజల నీడ: సెవిల్ నగర ఉద్యానవనాలపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకుని ప్రశ్నకు జవాబుగా, స్పెయిన్ దేశపు దక్షిణాన గ్వాదల్‌కివిర్ నది ఒడ్డున ఉన్న సెవిల్ నగరపు తోటల గురించి నాలుగు మాటలు రాశాను. ఎండాకాలంలో ఒక్కోసారి 45 డిగ్రీలు దాటే ఆ ఊరిలో రాజుల కాలపు తోటలూ, పౌరుల పార్కులూ, వీధుల వెంట నారింజ చెట్లూ ఉన్నాయని అందులో చెప్పాను. ఆ నాలుగు మాటలు చాలలేదని ఈ నెల వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారికి ఎండ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు కాబట్టి, వారి ప్రశ్నలు కూడా నీడ గురించీ నీళ్ల గురించీ సూటిగా ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క నగరానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది బత్తాయి తోట. సెవిల్ వీధుల్లో వేల నారింజ చెట్లు ఉన్నాయనీ, కాయ మాత్రం చేదనీ రాశారు. అంత శ్రమపడి నాటినవారు తీపి రకమే పెట్టవచ్చు కదా? రాలిన కాయలన్నీ ఏమవుతాయి?
– ఒక రైతు, నల్లగొండ మండలం

జవాబు: తోట పెంచినవారికి తప్ప తట్టని ప్రశ్న ఇది. సెవిల్ వీధుల్లోనూ కూడళ్లలోనూ నలభై వేలకు పైగా ఉన్న ఆ చెట్లు మనం బత్తాయి అని పిలిచే సాతుగుడి రకానికి దాయాదులే గానీ, జాతి వేరు. కాయ చూడటానికి నిగనిగలాడుతూ ఉంటుంది. తొన నోట్లో వేసుకుంటే పులుపూ చేదూ కలిసి నాలుక మొద్దుబారుతుంది. పదో శతాబ్దం ప్రాంతంలో అరబ్బులు దీనిని ఆ దేశానికి తెచ్చారు. తీపి నారింజ ఐరోపాకు చేరింది ఆ తరువాత దాదాపు ఐదు వందల ఏళ్లకు. అప్పటికే చేదు నారింజ అక్కడి పెరళ్లలోనూ ప్రార్థనా మందిరాల ముంగిళ్లలోనూ స్థిరపడిపోయింది.

తీపి రకం దొరికాక కూడా వీధులకు చేదు చెట్టునే ఉంచుకోవడం మాత్రం తెలిసి చేసిన పనే అని నాకు అనిపిస్తుంది. ఆ చెట్టు ఏడాది పొడవునా ఆకుతో గుబురుగా ఉంటుంది, కత్తిరింపును ఓర్చుకుంటుంది, ఇరుకు సందులో కూడా ఒదుగుతుంది. కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు అని మన పెద్దలు ఊరికే అనలేదు. దారిన పోయేవారెవరూ కోసుకోని కాయ కనుక ఆ చెట్టు కొమ్మలు విరగకుండా మిగిలింది. ఇంకొక సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మీరు అంటు మొక్కలు కొనేటప్పుడు రంగపూర్ నిమ్మ, జంబేరి వేరుమూలాల (అంటుకు అడుగున వేరునిచ్చే మొక్కల) మాట వింటారు. ఒకప్పుడు చాలా దేశాల్లో ఈ చేదు నారింజనే వేరుమూలంగా వాడేవారు. ట్రిస్టెజా వైరస్ వ్యాపించాక, చేదు నారింజ మీద అంటు కట్టిన తీపి నారింజ చెట్లు లక్షల సంఖ్యలో ఎండిపోయాయి. తూర్పు స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతం 1957 తరువాత ఈ దెబ్బను బాగా చవిచూసింది. రెండు జాతుల కలయిక మీద విరుచుకుపడే ఆ తెగులు, అంటు లేకుండా పెరిగిన చేదు నారింజను అట్లా ఎండబెట్టదు.

ఇక కాయల సంగతి. మార్చిలో పూత రాకముందే, జనవరి ఫిబ్రవరి నెలల్లో నగరపాలక సిబ్బంది కాయలను దులిపి ఎత్తుకుపోతారు. సెవిల్ నారింజలతో చేసిన మార్మలేడ్, అంటే తొక్కలతో సహా పాకం పట్టిన మురబ్బా, బ్రిటన్‌లో తరతరాలుగా ఇష్టంగా తింటున్నారు. మిగిలినవి చాలావరకు ఎరువుకు పోతాయి. 2021లో నగర నీటి సరఫరా సంస్థ 35 టన్నుల కాయలతో ఒక ప్రయోగం చేసింది: రసాన్ని పులియబెట్టి, అందులోంచి వచ్చిన మీథేన్ వాయువుతో విద్యుత్తు తయారుచేసి, మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని నడపడానికి వాడింది, తొక్కలను కంపోస్టు చేసింది. కాయ తియ్యగా లేకపోయినా పూత వాసన మాత్రం ఊరంతటినీ కమ్మేస్తుంది. ఆ పూతను వారు ‘అసార్’ అంటారు, పువ్వు అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. వారి ‘నరంఖా’, మన ‘నారింజ’ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. సంస్కృతంలోని నారంగ శబ్దం పారశీకం మీదుగా, అరబ్బీ మీదుగా స్పెయిన్ దాకా పోయింది. ఆ నారంగ శబ్దం అసలు ద్రావిడ భాషల నుంచే సంస్కృతానికి చేరి ఉంటుందని కొందరు భాషావేత్తలు అంటారు.

ప్రశ్న: మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం పార్కులో కూర్చోవడం జరగని పని. సెవిల్‌లో కూడా అంతే ఎండ అన్నారు. మరి అక్కడి పార్కులు నిజంగా చల్లగా ఉంటాయా, లేక చిత్రాల్లోనే బాగుంటాయా? చల్లగా ఉంటే అది ఎట్లా సాధ్యమైంది?
– ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: అమ్మా, మొదట రెండు ఊళ్ల ఎండలకూ ఉన్న తేడా చెప్పి, తరువాత మీ ప్రశ్నలోకి వస్తాను. మనకు ఏప్రిల్, మే నెలలు మండిపోయి, జూన్‌లో వాన దిగి వేడిని తుడిచేస్తుంది. సెవిల్‌లో జూలై, ఆగస్టు నెలలే నడి వేసవి, ఆ రెండు నెలల్లో చినుకు పడటమే అరుదు. ఏడాదికి పడే ఐదు వందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన దాదాపు అంతా అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపలే కురుస్తుంది. అంటే చెట్టుకు నీరు ఎక్కువగా కావలసిన నెలల్లోనే ఆకాశం నుంచి చుక్క రాదు. కాబట్టి అక్కడ తోట వేసినవారు ప్రతి కడవ నీటికీ లెక్క చూసుకున్నారు, ప్రతి చెట్టు నుంచీ నీడను రాబట్టుకున్నారు.

మరియా లూయిసా పార్కును ఉదాహరణగా తీసుకుందాం. సుమారు 34 హెక్టార్లు, అంటే 84 ఎకరాల విస్తీర్ణం గల ఈ పార్కుకు ఇప్పటి రూపం ఇచ్చినవాడు ఫ్రాన్సు దేశపు ఉద్యాన నిపుణుడు జాన్ క్లోద్ నికొలా ఫొరెస్తియే. 1911లో పని చేపట్టినప్పుడు ఆయన ఎదుట పాత రాజతోట ఒకటి ఉంది. దానిలో అప్పటికే అరవై ఏళ్లకు చేరువైన చెట్లున్నాయి. వాటిని కొట్టివేసి తన నమూనా పరుచుకోకుండా, ఆ పెద్ద చెట్ల కిందనే ఆయన తన తోటను అల్లుకొచ్చాడు. నా దృష్టిలో ఆ పార్కు చల్లదనానికి మొదటి కారణం ఇదే. పైన ఎత్తయిన చెట్ల గొడుగు, దాని కింద నారింజ వంటి మధ్యరకం చెట్లు, ఇంకా కింద కత్తిరించిన మొక్కల కంచెలు: ఇట్లా మూడు అంతస్తులుగా ఆకు ఉంటుంది. ఎండ నేలను తాకేలోపే చాలావరకు ఆకుల మీదనే ఖర్చయిపోతుంది. ఆకు విడిచే తేమ గాలిని చల్లబరుస్తుంది, చెట్ల కింద ఆ చల్లదనం నిలుస్తుంది.

రెండోది నీరు. మనవాళ్లు పార్కు అనగానే ఎత్తుకు ఎగిసే ఫౌంటెను కోరుకుంటారు. ఎత్తుకు ఎగిసిన నీటిలో చాలా భాగం వేడిగాలికి ఆవిరై పోతుంది. సెవిల్ తోటల్లో నీరు ఎక్కువగా నేలకు దగ్గరగా ఉంటుంది: మోకాటి ఎత్తు తొట్టి, సన్నని ధార, పొడుగాటి నిలువ కొలను, దాని మీద తామరాకులు. ఫొరెస్తియే పార్కు నడుమ సింహాల ఫౌంటెనునూ తామర కొలనునూ ఒకే వరుసలో పెట్టాడు. తామర కొలను పక్కనే తీగలు పాకిన పందిరి ఉంది. కొలను మీదుగా వచ్చే గాలి కొంత తేమ పట్టుకుని ఆ పందిరి కిందికి చేరుతుంది. మన ఇళ్లలో కుండ చుట్టూ తడి గుడ్డ చుట్టడం కూడా ఇదే ఉపాయం.

మూడోది కాలి కింద నేల. ఆ పార్కులోని బాటల్లో చాలావరకు సిమెంటు పలకలు లేవు. సెవిల్ దగ్గరలోని ఆల్కాలా ప్రాంతంలో తవ్వి తీసే ‘ఆల్బెరో’ అనే పసుపు మట్టిని పరిచి దిమ్మిస కొట్టారు. అది మన మొరానికి అన్నదమ్ముల వంటిది: వాన నీటిని లోపలికి తీసుకుంటుంది, సిమెంటులాగా పగలంతా కాగి రాత్రి సెగలు కక్కదు. కూర్చునే బల్లలకు నదికి ఆవలి ఒడ్డున ఉన్న త్రియానా కుమ్మరుల రంగు పెంకులు అతికించారు. నీడలో ఉన్నంతసేపూ ఆ పెంకు చల్లగానే ఉంటుంది. ఎండలో ఉన్న బల్ల మీద మాత్రం అక్కడ కూడా ఎవరూ కూర్చోరు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. సెవిల్ నీడ ఉపాయాలన్నింటినీ మనం యథాతథంగా తెచ్చుకోలేము. ఆ ఊరు భూమధ్యరేఖకు 37 డిగ్రీల ఉత్తరాన ఉంది. నడి వేసవిలో కూడా సూర్యుడు కొంచెం దక్షిణానికి వాలే ఉంటాడు కాబట్టి, ఎత్తయిన గోడలూ ఇరుకు సందులూ పగలు చాలాసేపు నీడనిస్తాయి. మనకు మే నెల మొదటి పక్షంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు గోడ నీడ గోడ కాళ్ల దగ్గరే ముగుస్తుంది. మనకు పైనుంచి కప్పే గొడుగే గతి: చెట్టు గానీ పందిరి గానీ ఉండాలి. సెవిల్ వారికి కూడా పందిరి కొత్త కాదు. వేసవిలో సియెర్పెస్ వంటి బజారు వీధుల మీద మేడ నుంచి మేడకు గుడ్డ పరదాలు కడతారు. మన చలువ పందిళ్లు చూసినవారికి ఆ వీధి చాలా సొంతంగా అనిపిస్తుంది.

1992 ప్రపంచ ప్రదర్శన ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, అంటే వేసవి అంతా ఆ ఊళ్లో ఆరుబయట జరిగింది. అప్పుడు తీగ పందిళ్లు, సన్నని నీటి తుంపర, నీటి గోడలు కలిపి బయటి గాలిని చల్లబరిచే ప్రయోగాలు పెద్ద ఎత్తున చేశారు. ఆ ప్రదర్శన జరిగిన కార్తుహా దీవిలోనే ఇటీవల ఇంకొక ప్రయత్నం సాగింది: పారశీక దేశపు భూగర్భ కాలువల పద్ధతిని ఆదర్శంగా తీసుకుని, రాత్రి ఆకాశం కింద చల్లార్చిన నీటిని నిలువచేసి, పగలు గాలిని చల్లబరచడానికి వాడతారు.

ప్రశ్న: రాజులు తమ తోటలను ప్రజలకు ఇష్టపడి ఇచ్చారా, లేక ప్రజలు పోరాడి తీసుకున్నారా? మా వనపర్తి సంస్థానం నుంచి వచ్చిన ఆస్తులు చూసినవాణ్ని కాబట్టి తెలుసుకోవాలని ఉంది.
– ఒక విశ్రాంత ఉద్యోగి, వనపర్తి

జవాబు: రెండూ జరిగాయండి, ఇంకొక మూడో దారి కూడా ఉంది. ఆ మూడో దారే అన్నింటికన్నా పాతది. సెవిల్ నగరం మధ్యలో నది పాత పాయ వల్ల ఏర్పడిన మురికి మడుగు ఒకటి ఉండేది. 1574లో నగర పాలనాధికారి అయిన బరాహాస్ ప్రభువు ఆ మడుగు నీటిని కాలువలతో తోడించి, వరుసలుగా ఆలమో చెట్లు నాటించి, ఫౌంటెన్లు పెట్టించి, దానిని జనం షికారు తిరిగే చోటుగా మార్చాడు. ఆలమో చెట్ల వల్లనే దానికి ఆలమేదా అని పేరు వచ్చింది. ఒక చివర పాత రోమన్ ఆలయపు స్తంభాలు రెండు తెచ్చి నిలిపి, వాటి మీద హెర్క్యులిస్, జూలియస్ సీజర్ విగ్రహాలను ఎక్కించారు. అందుకే అది హెర్క్యులిస్ ఆలమేదా. ఐరోపాలో ప్రజల కోసమే ప్రత్యేకంగా వేసిన మొట్టమొదటి తోట ఇదేనని సెవిల్ వారు చెప్పుకుంటారు. ఇది ఏ రాజూ దానం చేసినది కాదు, నగరపాలన తన ఊరి మడుగును తానే బాగుచేసుకున్నది.

రాజకుటుంబం ఇచ్చినది మరియా లూయిసా పార్కు. స్పెయిన్ రాణి రెండవ ఇసబెల్ చెల్లెలు, మోంపాన్సియే డచెస్ అయిన మరియా లూయిసా ఫెర్నాందా, ఆమె భర్త, 1849లో సాన్ తెల్మో అనే భవనాన్ని కొని, దాని చుట్టూ విశాలమైన తోట వేయించారు. భర్త పోయాక 1893లో ఆమె ఆ తోటలో చాలా భాగాన్ని నగరానికి రాసి ఇచ్చింది. పార్కు తీర్చిదిద్ది ప్రజలకు తెరిచింది 1914లో. సాన్ తెల్మో భవనం చాలా కాలం మతగురువుల విద్యాలయంగా ఉండి, ఇప్పుడు ఆందలూసియా ప్రాంతీయ ప్రభుత్వానికి అధ్యక్ష కార్యాలయంగా ఉంది. మీ వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడవడం చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఆల్కాసర్ అనే రాజకోట, దాని పక్కనున్న తోటలు మాత్రం రాజ్యం మారినప్పుడు చేతులు మారాయి. 1931లో స్పెయిన్ గణతంత్రం కాగానే కొత్త ప్రభుత్వం వాటిని నగరపాలక సంస్థకు అప్పగించింది. తరువాత రాచరికం తిరిగి వచ్చినా తోటలు నగరానివిగానే ఉన్నాయి. పై అంతస్తు గదులను రాజకుటుంబం వచ్చినప్పుడు వాడుకుంటుంది. లోపలికి టికెట్ ఉంది గానీ, సెవిల్ నివాసులకు ఉచితం. ఈ చివరి నియమం నాకు చాలా నచ్చింది.

పోరాడి సాధించుకున్నది నగరపు ఉత్తర భాగంలోని మిరాఫ్లోరెస్ పార్కు. కార్మికుల ఇళ్ల నడుమ చెత్త పోసే బీడుగా మారిన పాత వ్యవసాయ భూమిని పార్కు చేయాలని 1980ల్లో చుట్టుపక్కలవారు కమిటీ కట్టి పట్టుబట్టారు. ఇప్పుడు అక్కడ పాత మోట బావులు, నీటి తొట్లతో పాటు, ఇరుగుపొరుగువారు, బడిపిల్లలు కూరగాయలు పండించుకునే మళ్లు కూడా పార్కులో భాగమే. యాత్రికులు పెద్దగా వెళ్లరు. ఒక పార్కుకు మనుషులు ఎట్లా కాపు ఉంటారో చూడదలచినవారు అక్కడికే వెళ్లాలి.

ప్రశ్న: హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల తోటలకూ, స్పెయిన్ తోటలకూ పోలిక ఉందని విన్నాను. అంత దూరపు రెండు చోట్లకు సంబంధం ఎట్లా కుదిరింది?
– ఒక డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: సంబంధం పారశీక దేశం మీదుగా కుదిరింది. చతురస్రాన్ని రెండు కాలువలతో నాలుగు భాగాలు చేసే చార్‌బాగ్ పద్ధతి అక్కడ పుట్టి, తూర్పున మన దేశానికీ పడమర స్పెయిన్‌కూ ప్రయాణించింది. సెవిల్ 712 నుంచి 1248 వరకు ముస్లిం పాలకుల కింద ఉంది. 12వ శతాబ్దంలో అక్కడే ఇబ్న్ అల్ అవ్వామ్ అనే పండితుడు సుమారు 585 రకాల మొక్కలను వివరిస్తూ, అంటు కట్టడం, ఎరువు వేయడం, నీరు పెట్టడం గురించి పెద్ద వ్యవసాయ గ్రంథం రాశాడు. ఆ కాలపు తోటలకు వెనుక అంత లోతైన సేద్యపు జ్ఞానం ఉంది.

అయితే సెవిల్ చార్‌బాగ్‌లో మనకు అంతగా కనిపించని ఒక విశేషం ఉంది. నడిచే బాటలు ఎత్తుగా, మొక్కలుండే నాలుగు మళ్లు చాలా లోతుగా ఉంటాయి. బాట మీద నడిచేవారికి చెట్ల తలలు కాళ్ల మట్టానికి వస్తాయి, పూలూ కాయలూ తివాచీ పరిచినట్టు కనిపిస్తాయి. లోతున ఉన్న మన్ను తేమను త్వరగా పోగొట్టుకోదు, వడగాలి మొక్క మొదలును తాకదు, నీరు పెట్టడానికి కాలువ తూము తీస్తే చాలు. ఆల్కాసర్‌లో శిలువ ఆకారపు బాటలున్న ఒక తోటను 1755 లిస్బన్ భూకంపంలో కట్టడాలు దెబ్బతిన్నాక మట్టితో నింపేశారు. కన్యల ప్రాంగణం అనే మరొకచోట, 16వ శతాబ్దంలో లోతు మళ్లను పూడ్చి పైన పాలరాయి పరిచారు. నాలుగు వందల ఏళ్ల తరువాత, 2000ల తొలి సంవత్సరాల్లో పురావస్తు శాస్త్రవేత్తలు రాళ్లు తీసి తవ్వితే, కొలనూ మళ్లూ బయటపడ్డాయి. ఇప్పుడు అక్కడ నారింజ మొక్కలు మళ్లీ నాటారు.

మీరు ఎప్పుడైనా వెళితే కోట పక్కనున్న పెద్ద చర్చి ప్రాంగణం తప్పక చూడండి. అది ఒకప్పటి మసీదు ముంగిలి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు. వరుసలు తీర్చిన నారింజ చెట్ల పాదులను ఇటుక కాలువలు ఒకదానితో ఒకటి కలుపుతాయి. ఒక పాదు నిండితే నీరు తరువాతి పాదుకు పోతుంది. మీ నాన్నగారి తరం బత్తాయి తోటలకు డ్రిప్పు రాకముందు నీరు పారించిన తీరు వారిని అడిగి తెలుసుకోండి. ఆ ప్రాంగణం అప్పుడు మీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: పిల్లలమర్రిని కాపాడుకోవడానికి మేము పడ్డ అవస్థ అందరికీ తెలుసు. సెవిల్ వంటి నగరాల్లో పాత చెట్లకు జబ్బు చేస్తే ఏం చేస్తారు?
– ఒక గృహిణి, మహబూబ్‌నగర్

జవాబు: 2018లో పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన దృశ్యం దేశమంతా చూసింది. మూడెకరాల మేర ఊడలు దింపిన ఆ చెట్టుకు ఆసరాగా స్తంభాలు కూడా కట్టారు. సెవిల్‌లో కూడా మర్రికి దూరపు చుట్టమైన ఆస్ట్రేలియా జాతి ఫైకస్ వృక్షాలు ఎన్నో ఉన్నాయి. మురీయో తోటలలో ఉన్నవాటి వేళ్లు నేల మీద గోడల్లాగా లేచి ఉంటాయి.

అక్కడ మీరు అడిగినటువంటి ఘర్షణ 2022 ఆగస్టులో వచ్చింది. త్రియానా పేటలో సాన్ హాసింతో చర్చి పక్కన 1913లో నాటిన ఒక ఫైకస్ ఉంది. కొమ్మలు విరిగి జనం మీద పడుతున్నాయనీ, వేళ్లు కట్టడాన్ని దెబ్బతీస్తున్నాయనీ చెప్పి, అనుమతి తీసుకుని దానిని నరకడం మొదలుపెట్టారు. పేటవాసులు చెట్టు కింద నిరసనకు దిగారు, పర్యావరణ ప్రేమికులు కోర్టుకు వెళ్లారు, న్యాయమూర్తి నరుకుడు ఆపించేటప్పటికి గొడుగంతా పోయి మొండెం మిగిలింది. తరువాత ఆ మొండెం చిగురించింది. కొమ్మ పడి మనిషికి గాయమవుతుందన్న భయం నిజమైనదే, దానిని తేలిక చేయను. కానీ ఆసరా కట్టడం, బరువు తగ్గించడం, కింద కంచె వేయడం వంటివన్నీ చేశాకే గొడ్డలి మాట ఎత్తాలి. మీ ఊరు పిల్లలమర్రి విషయంలో చేసినది అదే కాబట్టి, ఈ ఒక్క సంగతిలో సెవిల్ మీ దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి మాడ్రిడ్‌లో చదువుతున్నాడు. మే నెలలో మేము వెళుతున్నాం. సెవిల్‌లో రెండు రోజులుంటే ఏ తోటలు చూడాలి?
– ఒక తండ్రి, కోదాడ

జవాబు: నారింజ పూత మార్చి, ఏప్రిల్ మొదటి వారాలతో అయిపోతుంది కనుక ఆ వాసన మీకు దొరకదు, దానికి బదులు ఊదా రంగు జకరాండా పూత దొరుకుతుంది. మొదటి రోజు పొద్దున్నే ఆల్కాసర్‌కు వెళ్లండి. రోజుకు ఇంతమందినే అనుమతిస్తారు కాబట్టి టికెట్ ముందే తీసుకోమని అబ్బాయికి చెప్పండి. మెర్క్యురీ కొలను దగ్గర కాసేపు ఆగండి. దాని పక్కన పాత కోటగోడకే రాతిగుహలా పూత పూసి కట్టిన పొడుగాటి వసారా పైకెక్కితే తోటలన్నీ ఒక్కచూపులో కనిపిస్తాయి. సాయంత్రం మురీయో తోటల మీదుగా నడుచుకుంటూ రావచ్చు.

రెండో రోజంతా మరియా లూయిసా పార్కుకు ఇవ్వండి, ప్రవేశం ఉచితం. దాని అంచున 1929లో జరిగిన ఇబెరో-అమెరికన్ ప్రదర్శన కోసం వాస్తుశిల్పి ఆనిబల్ గోన్సాలెస్ కట్టిన స్పెయిన్ చౌరస్తా ఉంది: 515 మీటర్ల కాలువ, నాలుగు వంతెనలు, ఒక్కో రాష్ట్రపు చరిత్రను రంగు పెంకుల మీద చిత్రించిన 48 అరుగులు. అందరూ అక్కడే ఫోటోలు దిగి వెళ్లిపోతారు. మీరు లోపలికి నడవండి. సెవిల్‌లో పుట్టిన కవి బెకెర్ స్మారకం ఒక పాత నీటి సైప్రస్ చెట్టు చుట్టూ గుండ్రంగా కట్టి ఉంటుంది. ఇటువంటి గుండ్రని విడిదులు ఇంకా చాలా ఉన్నాయి. కొన్నింటిలో రచయితల పుస్తకాలు పెట్టి, వచ్చినవారు కూర్చుని చదువుకునేందుకు చిన్న అరలు కట్టించారు. తోటలో చదువుకోమని అర పెట్టిన ఆలోచన నన్ను ఎంతగానో కదిలించింది. గాలి హెచ్చరికలున్న రోజుల్లో పార్కులు మూసేస్తారు, ముందుగా కనుక్కోండి.

ప్రశ్న: అక్కడి నుంచి చేదు నారింజ గింజలు తెప్పించుకుని నాటవచ్చా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: వద్దు. మొక్కల క్వారంటైన్ అనుమతి లేకుండా విదేశీ గింజలు తేవడం చట్టవిరుద్ధం. మన చుట్టూ ఇన్ని వేల ఎకరాల బత్తాయి, నిమ్మ తోటలుండగా కొత్త తెగులు తెచ్చిపెట్టే ప్రమాదం కూడా ఉంది. పెరట్లో దబ్బ చెట్టు నాటుకోండి.

ప్రశ్న: మా పట్టణంలో పార్కు కట్టారు. పచ్చిక, రంగు దీపాలు, సిమెంటు బాటలు, ఫౌంటెను అన్నీ ఉన్నాయి. సాయంత్రం ఆరు దాకా ఒక్క మనిషి కనిపించడు. సెవిల్ చూసి వచ్చినవారుగా, మేము మున్సిపాలిటీని ఏమని అడగాలో చెప్పండి.
– యువజన సంఘం సభ్యులు, దేవరకొండ

జవాబు: మొదట ఒక పని చేయండి. వచ్చే మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు నలుగురు వెళ్లి, పార్కులో ఎన్ని బల్లలున్నాయో, వాటిలో నీడలో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. ఆ లెక్కనే అర్జీకి జతచేయండి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి కాబట్టి, డబ్బు లేదన్న మాటకు తావు తక్కువ. ఆ డబ్బు దేనికి పోతున్నదో అడిగే హక్కు మీకు ఉంది.

అడగవలసినవి ఇవి. పచ్చికలో సగమైనా తగ్గించి, ఆ నీటితో చెట్లు పెంచమనండి. వేసవిలో పచ్చికకు పోసే ట్యాంకరు నీరు ఎవరికీ నీడ ఇవ్వదు. నాటేది కానుగ, వేప, చింత, రావి వంటి మన చెట్లు కావాలి. కానుగను ముందు చెబుతున్నది ఎందుకంటే, అది పాత ఆకు రాల్చి ఏప్రిల్ నాటికి కొత్త ఆకు తొడిగి, మనకు ఎంతో అవసరమైన మే నెలలోనే చిక్కటి నీడనిస్తుంది. సెవిల్‌లో వాడే ప్లేన్ చెట్లు చలికాలంలో ఆకు రాల్చి ఎండను కిందికి రానిస్తాయి, వారికి అది మేలు. మనకు జనవరి ఎండ కోసం అంత ఆరాటం లేదు. బాటల మీద సిమెంటు పలకలు పాడైనప్పుడల్లా వాటి స్థానంలో మొరం వేసి దిమ్మిస కొట్టమనండి. ఫౌంటెను మోటారుకు అయ్యే ఖర్చుతో గేటు నుంచి బల్లల దాకా ఒక తీగ పందిరి వేయవచ్చు. చెట్లు పెరిగేదాకా ఏడెనిమిదేళ్లు ఆ పందిరే నీడ.

బల్లలను చెట్టుకు ఏ వైపున వేయాలో కూడా చెప్పండి. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ పడమటి నుంచి వాలి వస్తుంది కనుక, చెట్టుకు తూర్పు పక్కన వేసిన బల్ల మీదికి సాయంత్రం దాకా నీడ పడుతుంది. మొక్కలు నాటే పని తొలకరి పడ్డాక పెట్టుకుని, ప్రతి మొక్కకూ వెడల్పాటి పాదు తీసి, పాదు నుంచి పాదుకు నీరు పోయేలా చిన్న కాలువ కలపండి. మొదటి రెండు వేసవుల్లో నీరు పోసే బాధ్యతను మీ సంఘంలో ఎవరెవరు ఏ ఏ చెట్లకు తీసుకుంటారో పేర్లు రాసి, ఆ జాబితాను కూడా అర్జీతో పాటే ఇవ్వండి.